భరతుని లేడిపిల్ల, మన పెరటి ఉడుతపిల్ల

(వసంత నవరాత్రముల సందర్భమున చేసిన ఉపన్యాసము)



వసంత నవరాత్రములలో శ్రీరామకథ చెప్పుకొనుట మన ఆచారము. నిన్నటి సాయంకాలము వరకు మేమును దానినే చెప్పితిమి. నేడు ధర్మకర్తలు మమ్ము చూచి, "శాస్త్రిగారూ, కథ అందరికిని తెలిసినదే. ఈ దినములలో గృహస్థునకు పనికివచ్చు మాట ఏదైనను చెప్పుడు" అని కోరిరి. చెప్పవలసిన మాట ఏదో మాకు ఒక ఏడాది క్రిందటనే నిశ్చయమైనది. అది ఎట్లో కొంత సేపటిలో మనవి చేయుదుము.

విషయము చూచుటకు చిన్నది. చైత్ర వైశాఖములలో మన చెట్లమీద, గోడల సందులలో, అటకలలో పక్షులు, ఉడుతలు పిల్లలను పెట్టును. ఆ పిల్లలలో కొన్ని జారి నేలబడును. తల్లులు కొన్ని మన మీదికి వచ్చును. పాములు ఎండకు తాళలేక చల్లని చోటు వెదకుకొనుచు వచ్చును. అప్పుడు మనము ఏమి చేయవలెను? ఇది వేదము చదివినవాడు చెప్పవలసిన మాటయా అని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. శ్రీమద్రామాయణము పుట్టినదే నేలకు కూలిన ఒక పక్షిని చూచిన ఋషి హృదయమునుండి. తమసానదీ తీరమున బోయవాని బాణమునకు క్రౌంచము పడినప్పుడు వాల్మీకి మహర్షి 'నా స్నానము నాది, నా జపము నాది' అని సాగిపోలేదు. కనుక శ్రీరామనవమి పందిటిలో పక్షుల ముచ్చట అప్రస్తుతము కాదు.

"అమీర్‌పేటలో అడవి జంతువు లెక్కడివండీ?" అని ఒక శిష్యుడు మమ్ము అడిగెను. నిజమే. మేము ఈ ప్రాంతమునకు వచ్చి నలువది యేండ్లు దాటినది. అప్పుడు ఒక్క అంతస్తు ఇండ్లు, ప్రతి ఇంటికిని ఒక వేపచెట్టో, మామిడిచెట్టో, బావియో ఉండెడివి. నేడు కోచింగు సెంటర్లు, హాస్టళ్ళు, బట్టల దుకాణములు. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చిన పిమ్మట తలయెత్తి చూచిన కాంక్రీటు వంతెనయే కనబడును. కాని తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి సంధ్యకు కూర్చుండు అలవాటున్నవారికి మరియొక ఊరు వినబడును. బల్కంపేట మార్గమున ప్రకృతి చికిత్సాలయము చెట్లలోనుండి కోయిల, పంజగుట్ట శ్మశానవాటిక వైపునుండి గుడ్లగూబ, ద్వారకాపురి కాలనీ మేడల మీదినుండి గ్రద్ద కూత వినబడుచునే యుండును. పంజగుట్టకు రెండు మూడు కిలోమీటర్ల దూరముననే సుమారు 390 ఎకరముల కాసు బ్రహ్మానందరెడ్డి వనము ఉన్నది. దానిని 1998లో జాతీయ ఉద్యానవనముగా ప్రకటించిరి. అందు నెమళ్ళు, పునుగు పిల్లులు, ముళ్ళపందులు ఉన్నవి. వానికి మనవలె ప్రహరీగోడల లెక్క లేదు. అవియును మన ఇరుగుపొరుగువారే.

ముందుగా కాకి సంగతి చెప్పుదుము. ఏలననగా మా యొద్దకు ఈ నెలలలో వచ్చువారిలో అధికులు కాకిని గూర్చియే వత్తురు. "శాస్త్రిగారూ, కాకి తలమీద తన్నినది. శనిదోషమేమో, శాంతి చేయించవలెనా?" అని. ఒక పర్యాయము ఒకే వారములో ఒకే వీధినుండి నలుగురు వచ్చిరి. నలుగురికిని ఒకే గ్రహదోషము ఎట్లు పట్టునని మాకు సందేహము తోచి, ఆ వీధికి పోయి చూచితిమి. హాస్టలు గేటు ప్రక్క నిద్రగన్నేరు కొమ్మల నడుమ పుల్లలతోను, ఇనుప తీగ ముక్కలతోను కట్టిన కాకి గూడు కనబడినది. దాని క్రింద గోడమీద ఒక కాకిపిల్ల కూర్చుండి యున్నది. రెక్కలు వచ్చినవి గాని ఎగురుట ఇంకను రాలేదు. తల్లిదండ్రులు రెండును ఆ దారిన పోవు ప్రతివాని తలమీదను దాడి చేయుచున్నవి. మేము నిలుచుండగానే మా శిఖకును ఒక తాపు తగిలినది. ఇంతకు మించిన దోషనిర్ణయము మరేమి కావలెను? వారి కందరికిని మేము చెప్పిన శాంతి ఇది: పదునైదు దినములు ఆ గోడ విడిచి ఎదుటి ప్రక్కనుండి నడువుడు, లేదా గొడుగు వేసికొని పొండు. స్నానము చేసి శివాలయమున దీపము పెట్టెదమన్నవారిని మేము వద్దనలేదు. దీపము ఎప్పుడును మంచిదే. కాని ఆ గూడు పడగొట్టించెదమన్న ఒకరిని మాత్రము గట్టిగా వారించితిమి.

ఇందులో మరియొక విశేష మున్నది. ఆ కాకి అంత ఆగ్రహముతో కాపాడుచున్న పిల్ల దానిది కాకపోవచ్చును. కోయిల తన గ్రుడ్లను కాకిగూటిలో పెట్టునని మన పూర్వులకు తెలియును. అందుకే సంస్కృతమున కోయిలకు పరభృతమని పేరు, అనగా ఇతరులచే పోషింపబడునది. కాకికి పరభృత్తని పేరు, అనగా ఇతరులను పోషించునది. కోయిల కూత వినుటకు ఉగాది దినమున చెవులు నిక్కించుకొను మనము, దానిని పెంచిన పెంపుడుతల్లిని మాత్రము దోషమని తరుముదుము! ఒక్కొకప్పుడు కాకిగూటినుండి మచ్చలమచ్చల రెక్కలు గల పిల్ల క్రిందికి దిగును. చూచినవారు 'కాకులు దీనిని పొడిచి చంపును, ఇంటికి తీసికొనిపోయి కాపాడుదము' అని పట్టుకొందురు. కాకి దానికి మేత తెచ్చుచున్నదని గమనింపరు. దూరముగా నిలిచి అరగంట చూచినచో తెలియును.

'దూరముగా నిలిచి చూచుట' అను ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మేము దానిని చాల ఆలస్యముగా నేర్చితిమి. నేర్చుటకు ఒక ప్రాణము వ్యయమైనది. ఆ సంగతి ఇప్పుడు చెప్పెదము.

క్రిందటి వైశాఖమున ఒక సాయంకాలము మా మనుమడు, ఎనిమిదేండ్ల బాలుడు, దోసిలిలో ఒక ఉడుతపిల్లను తెచ్చెను. కన్నులు ఇంకను తెరువలేదు. వీపుమీద మూడు చారలు మాత్రము సన్నగా తెలియుచున్నవి. "తాతయ్యా, వేపచెట్టు క్రింద పడి ఉంది. దీనికి అమ్మ లేదు" అని వాడు ఏడ్చెను. మాకు పరమానందమైనది. బిడ్డకు దయ ఉన్నదని. 'ఉడుతాభక్తి' కథ వానికి చెప్పితిమి. అట్టపెట్టెలో పాత పంచె పరచితిమి. ఆవుపాలు కాచి, చల్లార్చి, ఒత్తితో ముంచి దాని నోట చుక్క చుక్కగా పోసితిమి. మా సహధర్మచారిణి "పాలు ముక్కునుండి వచ్చుచున్నవండీ" అని ఒకసారి అన్నది. "దానికి అలవాటగును" అని మేము అంటిమి. ఆవుపాలకు మించిన అమృతము లేదని మా భావన. మూడవ దినమున తెల్లవారుసరికి అది చల్లబడి యున్నది. పిల్లవాడు ఆ దినమంతయు అన్నము తినలేదు.

మా మేడమీద అద్దెకున్నవారి అమ్మాయి పశువైద్యము చదువుచున్నది. ఆమె వచ్చి చూచి, మమ్ము నొప్పింపకూడదని మెల్లగా చెప్పినది. "తాతగారూ, ఉడుతపిల్లకు ఆవుపాలు అరగవు. పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వీటికి పాలకంటె ముందు వెచ్చదనం కావాలి. అసలు ఆ రోజు చెట్టు మొదట్లోనే పెట్టెలో ఉంచితే తల్లి నోట కరచుకొని పోయేది." మేము "తల్లి ఉన్నచో కదా" అంటిమి. ఆమె "ఆ సాయంత్రం చెట్టు మీద ఉడుత అరవలేదా, తాతగారూ?" అని అడిగినది.

అరచినది. అప్పుడు మాకు జ్ఞాపకము వచ్చినది. ఆ సాయంకాలము చీకటి పడువరకు ప్రహరీగోడ మీద ఒక ఉడుత తోక కొట్టుకొనుచు, ఆగక, కిచకిచలాడుచునే యుండెను. మేము సంధ్యావందనము చేసికొనుచు, ఈ గోల ఏమని కిటికీ తలుపు వేయించితిమి. పెట్టె లోపల పిల్ల, గోడమీద తల్లి, నడుమ మేము, మా దయ!

మహాశయులారా! మేము పాఠశాలలో పండ్రెండేండ్లు చదివితిమి. ఆ తరువాత భాగవతము పంచమ స్కంధమును ఎన్నిసార్లు ప్రవచనము చేసితిమో లెక్క లేదు. ఆ పంచమ స్కంధములోనే కదా భరతుని కథ ఉన్నది! ఆ రాత్రి మరల తీసి చదివితిమి. తెలుగున పోతనగారి భాగవతమని మనము చెప్పుకొనుచున్నను ఈ స్కంధమును తెనిగించినది గంగన యని పెద్దలెరుగుదురు. అదియును చదివితిమి.

కథ మీకు తెలిసినదే. రాజ్యము విడిచి తపస్సు చేసికొనుచున్న భరతుడు ఒకనాడు నదీతీరమున కూర్చుండి యుండగా, నిండుచూలాలగు ఒక లేడి నీరు త్రాగుటకు వచ్చినది. సింహగర్జన వినబడగా అది బెదరి నదికి అడ్డముగా దూకినది. ఆ దూకుటలో గర్భము జారి పిల్ల ప్రవాహమున పడినది. తల్లి ఆవలి గట్టున గుహలో పడి మరణించినది. కొట్టుకొనిపోవుచున్న పిల్లను భరతుడు ఎత్తి ఆశ్రమమునకు తెచ్చెను. అంతవరకు చేసినది ధర్మమే. అనాథయని నిశ్చయముగా తెలిసిన పిల్ల అది. తల్లి చనిపోవుట ఆయన కన్నులార చూచెను. ఆ స్థితిలో ఎత్తకుండుట పాపము.

పిమ్మట జరిగినదేమి? గడ్డి తినిపించుట, తోడేళ్ళనుండి కాచుట, ఇవి సరియే. క్రమముగా అది పెరిగినది. పెరిగిన లేడికి మంద కావలెను, అడవి కావలెను. భరతునకు మాత్రము అది 'నా లేడి' అయినది. దానిని ముద్దాడుట, వెంట త్రిప్పుకొనుట, ఒక్క గడియ కనబడకున్న ఎవడు తినెనో అని విలపించుట, వీనిలో యమనియమములు ఒక్కొక్కటిగా జారిపోయినవి. అంత్యకాలమున దానినే తలంచుచు ప్రాణము విడిచి, లేడియై పుట్టెను.

ఇన్నేండ్లు మేము ఈ కథను 'సంసార బంధము చెడ్డది, కనుక దేనిమీదను ప్రేమ పెంచుకొనరాదు' అని వ్యాఖ్యానించితిమి. అట్లు చెప్పుటలో ఒక పొరపాటున్నదని ఇప్పుడు తోచుచున్నది. వ్యాసభగవానుడు ఎత్తుటను తప్పు పట్టలేదు, విడువకపోవుటను తప్పు పట్టెను. మా విషయము భరతునికంటెను హీనము. ఆయన ఎత్తినది తల్లిలేని పిల్లను. మేము ఎత్తినది తల్లి గోడమీద నిలిచి పిలుచుచున్న పిల్లను.

కనుక మొదట చూడవలసినది తల్లి ఉన్నదా, లేదా అని. ఒంటిమీద ఈకలు వచ్చి, గంతులు వేయుచున్న పక్షిపిల్ల నేలమీద కనబడినచో అది తప్పిపోయినది కాదు. ఎగురుట నేర్చుచున్నది. పాఠశాలకు పోవు బిడ్డను దారిలో పట్టుకొని 'పాపము, అనాథ' అని మన ఇంటికి తెచ్చుకొందుమా? కుక్క, పిల్లి, ద్విచక్రవాహనము, ఈ మూడు భయములు లేకుండ దానిని దగ్గరలోని పొదపైననో, క్రింది కొమ్మపైననో ఉంచి దూరముగా పోవలెను. ఈకలు లేక ఎఱ్ఱని మాంసఖండమువలె ఉన్న పిల్ల యైనచో గూడు కనబడిన గూటిలోనే పెట్టవలెను. గూడు చెదరిపోయినచో చిన్న బుట్టలో ఎండుగడ్డి వేసి అదే చెట్టుకు కట్టవలెను. "మనిషి చేయి తగిలిన పిచ్చుకను, కాకిని తోటివి వెలివేయును" అని మన యిండ్లలో ఒక మాట కలదు. మేమును బాల్యమునుండి నమ్మితిమి. పిల్లను మరల గూట పెట్టినచో తల్లి వచ్చి మేత పెట్టుచున్నదని చూచినవారు చెప్పుచున్నారు. మేమును తరువాత చూచితిమి. ఈ మాట పిల్లలు గూళ్ళ జోలికి పోకుండ పెద్దలు కల్పించినదేమో అని మా ఊహ. దాని ప్రయోజనము మంచిదే గాని, దానిని నమ్మి పిల్లను తల్లికి దూరము చేయరాదు.

నీరు, పాలు నోట పోయవద్దు. మేము చేసిన పాపము మీరు చేయవద్దు. గాయపడినచో, లేక తల్లి నిజముగా మరణించినచో, గాలి ఆడు అట్టపెట్టెలో మెత్తని గుడ్డమీద పెట్టి, చీకటిగా, వెచ్చగా, సద్దు లేకుండ ఉంచి, తెలిసినవారికి అప్పగించవలెను. మన నగరమున బ్లూ క్రాస్ సంస్థ 1992 నుండి ఉన్నది. అటవీశాఖవారు ఉన్నారు. నెహ్రూ జంతుప్రదర్శనశాలలో పశువైద్యులున్నారు. భరతునకు ఈ సౌకర్యము లేకపోయెను. మనకు ఉన్నది.

సంక్రాంతి గాలిపటముల దారము మాట కూడ ఇచ్చటనే చెప్పవలెను. గాజుపొడి అద్దిన నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయస్థానము 2017లో దేశమంతటను నిషేధించినది. అయినను మకరమాసమున ఎగురవేసిన దారము చైత్రమునకును చెట్లను విడువదు. గ్రద్దలు అదే దినములలో పిల్లలను పెంచుచుండును. దారమునకు వ్రేలాడు పక్షిని పట్టి లాగరాదు, రెక్క తెగును. దారమును ఇరువైపుల కత్తిరించి, చుట్టుకొన్న భాగమును అట్లే ఉంచి, వైద్యునికి చేర్చవలెను. ఎత్తున ఉన్నచో అగ్నిమాపక దళమువారిని పిలుచుట మేలు. మన పిల్లలను స్తంభము లెక్కించరాదు.

చిలుకను గూర్చి కొంత కఠినముగా చెప్పవలసియున్నది. ఆండాళ్ తల్లి చేతిలో చిలుక ఉండును. మధుర మీనాక్షి చేతిలో చిలుక ఉండును. శుకమహర్షి పేరే చిలుక పేరు. అందుచేత చిలుకను ఇంట పెంచుట పుణ్యమని కొందరు భక్తులు భావించుచున్నారు. ఆ చిలుక పంజరములోనికి ఎట్లు వచ్చెనో ఆలోచింపరు. మాఘమునుండి చైత్రము వరకు చెట్టు తొర్రలలో చిలుకలు పిల్లలను పెంచును. తొర్రలో చేయి పెట్టి ఈకలు సరిగా రాని పిల్లలను తీసి, బుట్టలలో కుక్కి, నగరమునకు తెచ్చి అమ్ముదురు. దారిలో ఎన్ని చచ్చునో మనకు కనబడదు. కనబడునది పచ్చని చిలుక, దాని నోటి రామనామము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన దేశపు చిలుకను పట్టుట, అమ్ముట, పంజరమున ఉంచుట నేరము. గ్రుడ్లు తీయుట, గూళ్ళు చెదరగొట్టుట కూడ ఆ చట్టమున వేట క్రిందికే వచ్చును. అమ్మవారి చేతిమీద చిలుక కూర్చున్నదే గాని, అమ్మ దానికి పంజరము కట్టలేదు. మీలో ఎవరి ఇంటనైన ఉన్నచో, రేపే పంజరము తలుపు తెరచి వదలివేయుడని మేము చెప్పము. ఏండ్లతరబడి రెక్క విదల్చనిది ఎగురలేక పిల్లి నోట పడును. అటవీశాఖవారికి చెప్పి అప్పగింపుడు.

కోతులకు అరటిపండ్లు పంచుటను గూర్చి మాకు తగవులు వచ్చినవి గనుక ఒక్క మాటతో ముగింతుము. హనుమంతునికి గుడిలో నివేదింపుడు. దారిమీద కోతికి పెట్టినచో అది రేపు మీ పొరుగింటి బిడ్డ చేతి సంచి లాగును. పిల్లను పొట్టకు కరచుకొన్న తల్లికోతి కన్నులలోనికి సూటిగా చూడరాదు.

ఇక పాము. మన మహాభారతము ఆదిపర్వమున సర్పయాగ మున్నది, దానిని ఆపిన ఆస్తీకుడున్నాడు. పాము కనబడినప్పుడు ఆస్తీకుని పేరు తలచుట పెద్దల వాడుక. తలచుడు. కాని ఆస్తీకుడు చేసినదేమి? అగ్నిలో పడుచున్న పాములను నిలిపెను. ఆయన పేరు తలచుచు చేత కఱ్ఱ పట్టుట తగునా? ఎండలు ముదిరిన దినములలో చెత్తకుప్పల క్రింద, నీటి తొట్టి ప్రక్క, మెట్ల క్రింద పాము చేరుట సహజము. మనవైపు ఎక్కువగా కనబడునది జెఱ్ఱిపోతు. విషము లేదు, ఎలుకలను తినును. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటికి మాత్రము ప్రాణభయము కలదు. చూచువానికి అన్నియు ఒకటిగనే తోచును గనుక, ఏదైనను దూరముగా నిలిచి, పిల్లలను లోపలికి పంపి, పాము పోయిన దిక్కుమీద కన్నుంచి, పట్టువారిని పిలువవలెను. ఈ నగరమున ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవారు ఎన్నో ఏండ్లుగా ఈ సేవ చేయుచున్నారు. వారు పట్టి అడవిలో విడుతురు. కఱచినచో మంత్రము, కట్టు, కోత, నోటితో పీల్చుట ఏవియును వద్దు. కదలకుండ పరుండబెట్టి 108కి చెప్పి ఆసుపత్రికి చేర్చవలెను. మేము వేదమంత్రములతోనే జీవించువారము. అయినను ఈ విషయమున మందునే నమ్ముడని చెప్పుచున్నాము. నాగులచవితికి పుట్టలో పాలు పోయుటయు, బుట్టలోని పాముచేత పాలు త్రాగించుటయు వేరు. పాము పాలు త్రాగునది కాదు. దాహముతో మాడ్చి త్రాగింతురు, త్రాగినది చచ్చును. నాగదేవతకు నమస్కారమే చాలును.

పునుగు పిల్లి అటకలో కాపురము పెట్టినదని ఒకరు భయపడి మా యొద్దకు వచ్చిరి. తిరుమలలో శుక్రవారపు అభిషేకానంతరము స్వామివారికి అలదు తైలము పేరు చెప్పగానే ఆయన ముఖము వికసించినది. అది రాత్రి తిరుగును, పండ్లును, ఎలుకలను తినును, మనుష్యుని చూచిన పారిపోవును. పిల్లలు నడువనేర్చిన పిమ్మట తల్లియే తీసికొనిపోవును. ఆ వరకు అటక తలుపు మూయవద్దంటిమి. ఆయన ఓర్చుకొనెను.

ఇప్పుడు కొంచెము దుఃఖకరమైన మాట. 2025 మార్చి 30, విశ్వావసు నామ సంవత్సర ఉగాది. మనము ఈ పందిటిలోనే పంచాంగ శ్రవణము చేయుచుండగా, నగరపు పడమట, హైదరాబాదు విశ్వవిద్యాలయము ప్రక్కన కంచ గచ్చిబౌలిలోనికి చెట్లు తొలగించు యంత్రములు దిగినవి. సుమారు 400 ఎకరముల భూమి. దాని హక్కు ఎవరిది, ఎవరు ఏమి కట్టదలచిరి అనునది న్యాయస్థానముల విషయము. మేము దానిలో తలదూర్చము. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు ఆ పని నిలుపవలెనని ఆదేశించినది. ఆ నాలుగైదు దినములలో నెమళ్ళు, జింకలు చెదరిపోయినవి. విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు వచ్చిన ఒక జింక కుక్కలచేత కఱవబడి మరణించినది.

ఆ వార్త చదివినప్పుడు మాకు ఖాండవ దహనము జ్ఞాపకమునకు వచ్చినది. అడవి నలువైపుల మండుచున్నది. జరిత అను తల్లిపక్షి, ఈకలు రాని నలుగురు పిల్లలు. నలుగురిని మోయలేదు, ఒక్కని విడువలేదు. "ఈ ఎలుక కలుగులో దూరుడు, దుమ్ముతో మూసెదను" అనును. పిల్లలు "అమ్మా, కలుగులో ఎలుక తినును. దానికంటె అగ్ని మేలు. నీవు ఎగిరిపొమ్ము, నీకు మరల బిడ్డలు కలుగుదురు" అందురు. తల్లి పోవును. పిల్లలు అగ్నిని స్తుతింతురు, అగ్ని వారిని విడుచును. మంట చల్లారినంతనే తల్లి ఏడ్చుచు తిరిగి వచ్చును. ఖాండవమున బ్రదికినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినవారు. అందు నలుగురు ఈ పక్షిపిల్లలు. కృష్ణార్జునులు కథానాయకులుగా ఉన్న ఘట్టములో వ్యాసుడు ఒక పక్షి సంసారమునకు ఇన్ని అధ్యాయములు ఏల ఇచ్చెనని మేము బాల్యమున విసుగుకొంటిమి. ఇప్పుడు విసుగుకొనము.

అంత పెద్ద వనములమీద మన చేతిలో ఏమున్నది? మన వీధి చెట్టుమీద మాత్రము ఉన్నది. వేసవి గాలివానలకు ముందు విద్యుత్తు శాఖవారు తీగలకు తగులు కొమ్మలు కొట్టింతురు. అది అవసరమే. కొట్టువారు దినకూలీలు, వారికి తొందర. మనలో ఒకరు వెళ్ళి, "నాయనా, ఆ కొమ్మలో గూడున్నది, దానిని విడిచి ప్రక్కది కొట్టు, లేదా పది దినములకు రమ్ము" అని మంచినీరిచ్చి చెప్పినచో వినుచున్నారు. మేము రెండుమారులు చెప్పితిమి, రెండుమారులును వినిరి.

చైత్రమున ప్రపాదానము, అనగా చలివేంద్రము పెట్టుట మన ధర్మము. మనుష్యులతోపాటు పక్షులకును ఒక మూకుడు పెట్టుడు. లోతు తక్కువ మూకుడు, నడుమ ఒక రాయి ఉండవలెను. లేనిచో ఈగ, తేనెటీగ, పిల్లపక్షి దానిలోనే మునుగును. ప్రతిదినము నీరు మార్చుడు. వైశ్వదేవమున కాకులకు, కుక్కలకు, క్రిమికీటకములకు బలి పెట్టుట ఉన్నది. ఆ మెతుకులు పిడికెడు. గోతాముల కొలది జొన్నలు కూడలిలో పోసి వేలాది పావురములను చేర్చుట దానికి ప్రమాణము కాదు. ఆ రెట్టల ధూళి ఊపిరితిత్తులను చెరచునని వైద్యులు చెప్పుచున్నారు.

ఇక, ఈ నవరాత్రముల మొదటి దినమున జరిగినది చెప్పి విరమింతుము. మా సందు చివర పాతయింటి రావిచెట్టు తొర్రనుండి ఒక చిన్న గుడ్లగూబ పిల్ల క్రిందబడినది. పల్లెలలో దీనిని పైడికంటి అందురు. కన్నులు పసిడి రంగున ఉండును. హాస్టలు కుఱ్ఱవాండ్రు, వీధి పిల్లలు గుమిగూడిరి. "పీడ, ఇంటి మీద వ్రాలితే చావు" అని ఎవరో అన్నారు. ఒక బాలుడు రాయి ఎత్తెను. మేము అక్కడికి చేరి వానికి మాండవ్యుని కథ చెప్పితిమి. చిన్నతనమున పురుగులకు పుల్ల గ్రుచ్చి ఆడుకొన్నందుకు ఆ మహర్షి కొఱత వేయబడెననియు, ఇంత చిన్న తప్పునకు ఇంత శిక్షయా అని ఆయన ధర్మదేవతనే శపించెననియు, పదునాలుగేండ్ల లోపు పిల్లలు తెలియక చేసినది పాపము కాకుండుగాక అని కట్టడి చేసెననియు చెప్పితిమి. వాడు రాయి క్రింద పడవేసి, "నాకు పదమూడే, తాతా" అనెను. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి. "తెలియక చేసినచో అన్నారు. ఇప్పుడు నీకు తెలిసినది కదా" అంటిమి.

మా మనుమడు మాత్రము పిల్లను ముట్టలేదు. నాలుగడుగుల దూరమున నిలిచి, "తాతయ్యా, వాళ్ళమ్మ ఉందేమో చూద్దాం" అనెను. ఉడుతపిల్లను వాడు మరువలేదు. మేడమీది అమ్మాయి చేతికి గుడ్డ చుట్టుకొని పిల్లను ఎత్తి చూచి, గాయము లేదన్నది. తొర్ర మిక్కిలి ఎత్తున ఉండుటచే, రాయి ఎత్తిన ఆ బాలుడే చెట్టెక్కి, మొదటి కొమ్మ పంగకు ఒక వెదురు గంపను కట్టెను. పిల్లను దానిలో ఉంచి, కుక్కలను తోలి, అందరమును ఎదుటి అరుగుమీద కూర్చుంటిమి. సంధ్య వేళయైనది. మేము అక్కడనే కూర్చుండి మనసులో గాయత్రి చేసికొంటిమి. కిటికీ తలుపులు వేయించవలసిన పని లేకపోయెను.

దీపములు వెలిగించు వేళకు తొర్ర ప్రక్క కొమ్మమీద రెండు పైడికంటులు వచ్చి కూర్చున్నవి. ఒకటి మమ్ము చూచి తల పైకి క్రిందికి ఆడించినది. మరియొకటి బొద్దింకనో మరేదో పురుగునో ముక్కున పట్టుకొని గంప అంచున వ్రాలినది. గంప అప్పటినుండి అక్కడనే ఉన్నది. నిన్న సాయంకాలము ఉపన్యాసమునకు వచ్చుచు చూచితిమి. పిల్ల అంచుమీదికెక్కి రెక్కలు విదుల్చుచున్నది. ఆ బాలుడు క్రింద కాపు కూర్చుండి, దారిన పోవువారిని అటువైపునుండి నడువుడని పంపుచున్నాడు.